మెత్వల్లీ గండి

నబవియ్యా చెంప మీద పడిన దెబ్బ బుల్డోజర్ మోతలో కూడా మాకు వినిపించింది. కొట్టినవాడు పోలీసు జమాదారు. ఆమె చేసిన నేరమల్లా మురుగు కాలువ తూము ముందు కూర్చుని లేవనని మొండికేయడం. ఆ తూము పూడిస్తే మా ఊరి నీళ్లు బయటికి పోవు. ఇసుక వ్యాపారి హాజీ షర్నూబీ బుల్డోజర్ వచ్చింది దాన్ని పూడ్చడానికే.

"లేస్తావా, ఈడ్చెయ్యమంటావా?" అన్నాడు జమాదారు.

"తూము మూసేస్తే నీళ్లెటు పోతాయో చెప్పు, లేస్తాను."

"నన్నడుగుతావేంటే? మ్యాపు గీసినోళ్లనడుగు."

"ఆ గీసినోళ్లెక్కడుంటారు?"

"కైరోలో."

"అయితే ఈ నీళ్లని కూడా కైరోకే తోలుకుపో."

మాలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు జమాదారుకు తగిలింది, దెబ్బ నబవియ్యాకు తగిలింది. ఇద్దరు పోలీసులు ఆమెను రెక్కలు పట్టి లాక్కొచ్చి బాట పక్కన పడేశారు. తల మీది నల్లగుడ్డ జారి బురదలో పడింది. దాన్ని తీసి ఆమె చేతికివ్వడానికి కూడా మాలో ఒక్కడు కదల్లేదు. బుల్డోజర్ ఇసుకను తోసుకుంటూ వచ్చి తూము నోరు మూసేసి వెళ్లిపోయింది.

ఊళ్లో మగవాళ్లందరం అక్కడే ఉన్నాం. బీటు దుంపల చేల నుంచి అటే వచ్చాం గనుక చేతుల్లో పారలు కూడా ఉన్నాయి. అయినా ఎందుకు చూస్తూ నిలబడ్డామో ఈ కథ వింటున్న మీరు, మిల్లుల్లో పనిచేసేవాళ్లూ కాలేజీల్లో చదువుకునేవాళ్లూ తెలుసుకోవాలి. మేం పిరికివాళ్లం కాము. శీతాకాలపు సముద్రం మీద పడవలేసుకుని పోయేవాళ్లం. కానీ ఆ రోజు ప్రతివాడికీ లోపల ఒకటే ధీమా: నా పొలం ఎత్తు చేసుకున్నాను, మునిగితే నబవియ్యా పొలం మునుగుతుంది.

మా ఊరు ఇజ్బత్ గాజీ సముద్రానికీ బురుల్లుస్ సరస్సుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది. నైలు నది మోసుకొచ్చిన మట్టిలో చిట్టచివరి పిడికెడు మాది. ఎక్కడ తవ్వినా ఉప్పు నీళ్లే. ఆ ఉప్పు వేళ్లకు తగలకుండా ఉండాలంటే పొలాన్ని ఎత్తు చేసుకోవాలి. అందుకు ఒడ్డునున్న ఇసుక దిబ్బల నుంచి ఇసుక తెచ్చి పరుస్తాం. దాని మీద కాలువ మట్టి, ఆ పైన పేడ వేసి టమాటా, జామ, బీటు పెడతాం. తాతల నాటి పద్ధతి. పిల్లకు సంబంధం చూడబోతే కుర్రాడి గుణం కంటే ముందు వాడి పొలం ఎంత ఎత్తో అడుగుతారు.

తాతల కాలంలో ఇసుక గాడిదల మీద గంపల్లో వచ్చేది. దిబ్బకు ఆ లోటు తెలిసేది కాదు, గాలి మళ్లీ ఇసుక తెచ్చి పోసేది. షర్నూబీ ఆ దిబ్బల్ని సర్కారు నుంచి లీజుకు తీసుకుని లారీలు దించాక మా పద్ధతికి పిచ్చెక్కింది. ఒకడు మూరెడు ఎత్తు చేస్తే పక్కవాడు రెండు మూరలు చేశాడు. ఎత్తు పొలంలో పడిన నీళ్లు పల్లపు పొలంలోకి జారేవి. పల్లపువాడు తిట్టుకుంటూ వెళ్లి షర్నూబీ లారీకి చెప్పేవాడు. మా పంటల మీద ఎంత సంపాదించాడో తెలియదు గానీ, మా పోట్లాటల మీద మాత్రం బాగా సంపాదించాడు.

నబవియ్యా పొలం అందరికంటే పల్లం. మొగుడు చేపల పడవలో వెళ్లి తిరిగి రాలేదు. లారీ ఇసుక తెప్పించే తాహతు ఆమెకు లేదు. ఆమె గట్టుకు ఆనుకుని మెత్వల్లీ పొలం ఉండేది. చినుకు పడితే చాలు, వాళ్లిద్దరూ తగువు మోసుకుంటూ నా టీ దుకాణం దాకా వచ్చేవారు. నా పేరు అవద్. ఊళ్లో ఉన్న ఒక్క టీ దుకాణం నాదే కాబట్టి ఊరి తగువులన్నీ నా పొయ్యి ముందే ఉడికేవి.

"ఒరే మెత్వల్లీ, నీ పొలం ఉచ్చ పోస్తే నా పొలం తడవాలా?"

"నీదీ ఎత్తు చేసుకో వదినా. ఎవడు పట్టుకున్నాడు నీ చెయ్యి?"

"మీ అమ్మ మొల్లో దాచుకున్న బంగారం ఇటు పడెయ్యి, రేపే చేసుకుంటా."

మెత్వల్లీ తల్లి బహానా పెద్దమ్మ దుకాణం బయట అరుగు మీద కూర్చుని వినేది. "నా మొల్లో కీళ్ల నొప్పులు తప్ప ఏం లేవే పిల్లా, అవి కావాలంటే పట్టుకుపో" అనేది. అందరం నవ్వేవాళ్లం. నబవియ్యా కూడా నవ్వి, వెళ్లి పొలంలో నీళ్లు బొక్కెనతో తోడుకునేది.

చలికాలపు తుఫానులకు మా దగ్గర పేర్లుంటాయి, రావలసిన వేళలుంటాయి. మక్నసా అంటే చీపురు. నవంబరులో వచ్చి ఒడ్డంతా ఊడ్చిపోతుంది. గితాస్ జనవరి నడిమధ్య వస్తుంది, అన్నిటికంటే మొరటుది. అలలు దిబ్బల సందుల్లోంచి దూకినా నీళ్లు ఊళ్లో నిలిచేవి కావు. మురుగు కాలువ పట్టుకుని, తూము దాటి, తూర్పున ఉన్న మల్లాహా అనే ఉప్పు పర్రలో పరుచుకునేవి. అక్కడి నుంచి నిదానంగా సరస్సులో దిగేవి. ఆ పర్రలో మేకలు మేసేవి. ఎంత లేనివాడైనా అక్కడ గుడిసె వేసేవాడు కాదు, అది నీళ్లు పడుకునే చోటని అందరికీ తెలుసు.

షర్నూబీ ఆ పర్రలోనే విల్లాలు కట్టడానికి అనుమతి తెచ్చుకున్నాడు. దిబ్బల్ని తవ్వి పర్రలో పోశాడు. పర్రకూ మాకూ మధ్య తాటిచెట్టులో సగమంత ఎత్తున రోడ్డు కట్ట వేశాడు. సర్కారేమో సముద్రానికి అడ్డంగా కాంక్రీటు దిమ్మెల గోడ కట్టింది. అది విల్లాల ముందు మొదలై విల్లాలు అయిపోగానే ఆగిపోయింది. చివరగా మిగిలింది తూము. దాన్ని నబవియ్యా చెంప మీద కొట్టి పూడ్చారు.

తర్వాత ఒక ఇంజనీరు కుర్రాడు మ్యాపు పట్టుకుని నా దుకాణానికి వచ్చాడు. వాడి బూట్లు కొత్తవి. పాపం, టీ ఇచ్చినందుకు మూడుసార్లు కృతజ్ఞతలు చెప్పాడు. మ్యాపు బల్ల మీద పరిచాడు. విల్లాలు పసుపు రంగులో ఉన్నాయి, రోడ్డు ఎర్రగా ఉంది. మా ఊరంతా నీలం.

"నీలం అంటే ఏంటి బాబూ?" అన్నాడు మెత్వల్లీ.

"వరద నీరు నిలిపే ప్రాంతం అండి."

"ఇక్కడ మేం నిలబడి ఉన్నాం కదా?"

"మీకు ఎడారి పట్టణంలో ఫ్లాట్లు ఇస్తారు. మీ భద్రత కోసమే."

"ఎడారిలో టమాటా ఎక్కడ పెట్టాలి, బాల్కనీలోనా?"

దుకాణం గొల్లుమంది. ఇంజనీరు ముఖం ఎర్రబడింది. "నాది నీళ్ల విభాగం అండి. ఇళ్లు ఎక్కడ కట్టాలన్నది వేరే విభాగం. వాళ్లు ఇచ్చిన మ్యాపు మీద నీళ్లకు చోటు ఎక్కడ మిగిలిందో అక్కడ నీలం వేశాం."

అప్పుడు నబవియ్యా లోపలికి వచ్చింది. మా దగ్గర ఆడవాళ్లు టీ దుకాణంలో అడుగు పెట్టరు. ఆమె మ్యాపు మీద వేలు పెట్టి, "నా పొలం ఏది?" అంది. ఇంజనీరు చూపించాడు. "దీని పక్కన మెత్వల్లీది. ఆ పక్కన అవద్ అన్నయ్యది. అన్నీ ఒకటే నీలం. చూశారా? మీరెంత ఎత్తు చేసుకున్నా వీళ్ల కళ్లకి అందరం నా అంత పల్లంలోనే ఉన్నాం."

"అది కాగితం మీద సంగతి," అన్నాడు మెత్వల్లీ. "నా పొలం నడుమెత్తున ఉంది. నేనేం మునగను. ఆడదానివి, ఇంటికి పో."

కొంతమంది తలలూపారు. ఆమె వెళ్లిపోయింది. ఇంజనీరు మ్యాపు చుట్టుకుని పోయాడు. ఆ పూటంతా దుకాణంలో ఎవరి ఎత్తు ఎంతో అదే వాదన నడిచింది.

మక్నసా తన వేళకే వచ్చింది. మధ్యాహ్నం నమాజుకు పిలుపు వినిపించిందో లేదో గాలి దాన్ని ఎత్తుకుపోయింది. దిబ్బలు ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీలోంచి సముద్రం అడ్డూ ఆపూ లేకుండా నడుచుకుంటూ వచ్చేసింది. కాలువ నిండింది. తూము లేదు. రోడ్డు కట్టకు కొట్టుకుని నీళ్లు వెనక్కి తిరిగాయి. మేం ఎత్తు చేసుకున్న పొలాల మధ్య వీధులు కాలువలయ్యాయి. పొలాలు ఎత్తున ఉన్నాయి, ఇళ్లు పల్లంలో ఉన్నాయి! పొలానికి ఇసుక తోలినవాళ్లం ఇంటికి తోలలేకపోయాం. మేం తెచ్చి పోసిన ఇసుకే నీళ్లను మా గుమ్మాల్లోకి తోసింది.

పచ్చి ఇటుక గోడలు నాని కూలడం మొదలైంది. మెత్వల్లీ పొలం గట్టు తెగకుండా పారతో మట్టి వేస్తూ ఉండిపోయాడు. ఇంట్లో బహానా పెద్దమ్మ మంచం మీద ఉంది, కీళ్ల నొప్పులు ముదిరి కాళ్లు కదలవు. నీళ్లు మంచం కోళ్లు దాటాక నబవియ్యా వెళ్లి ఆమెను వీపున వేసుకుంది. మెరక మీదున్న బడి మెట్ల దాకా రొమ్ములోతు నీళ్లలో మోసుకొచ్చింది. వెనక్కి తిరిగి చూసేసరికి ఆమె సొంత ఇల్లు కూలిపోయింది. లోపల కట్టేసి ఉన్న గేదె కూడా పోయింది.

మెత్వల్లీ ఒళ్లంతా బురదతో బడికి చేరి, తల్లిని చూసి ఏడ్చాడు. తర్వాత నబవియ్యా ముందు నిలబడ్డాడు.

"పొలం నిలిచిందా?" అంది నబవియ్యా.

"నిలిచింది."

"మంచిది. అమ్మని తీసుకుపోయి అందులో పడుకోబెట్టు."

ఆ మాటకు అతను తల దించుకున్నాడు. మా అందరి తలలూ దిగాయి. బహానా పెద్దమ్మ చలికి వణుకుతూనే నోరు విప్పింది. "మీ తాతలు గంపతో తెచ్చారు, మీరు లారీలతో తెచ్చారు. సముద్రానికి అడ్డున్న దిబ్బల గోడని ఆ దొంగ వెధవ విప్పి ఇస్తుంటే ఎగబడి కొనుక్కున్నారు. ఇంకా ఎవడిది ఎత్తు అని కొట్టుకు చావండి."

మూడో నాటికి షర్నూబీ దుప్పట్లు పంచడానికి వచ్చాడు, వెంట ఫోటోలు తీసేవాడు కూడా ఉన్నాడు. పెద్దమ్మ దుప్పటి తీసుకుని, "హాజీ, ఇది ఆరేసుకోవడానికి ఇంత పొడి చోటు చూపించు నాయనా" అంది. అతను నవ్వాడు. ఫోటో తీయించుకున్నాడు. వెళ్లేముందు, జనవరి వచ్చేలోగా ఊరు ఖాళీ చేయాలని, ఇక్కడుంటే ప్రాణాలకు పూచీ లేదని పోలీసు అధికారి చేత చెప్పించాడు. వరద తెచ్చినవాడే మా ప్రాణాల మీద బెంగ పెట్టుకున్నాడు. నాకు ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది.

ముందు మర్యాదగానే వెళ్లాం. జిల్లా కేంద్రంలో ఆ రెండు ఆఫీసులు వీధికి అటొకటి ఇటొకటి ఉన్నాయి. నీళ్ల ఆఫీసులో అడిగితే ఇళ్ల సంగతి మాకు తెలియదన్నారు. వీధి దాటి ఇళ్ల ఆఫీసుకు వెళ్తే నీళ్లు మా పని కాదన్నారు. మళ్లీ వీధి దాటాం. మళ్లీ అదే మాట. చివరికి మెత్వల్లీ నడివీధిలో నిలబడి గొంతు చించుకున్నాడు.

"నీళ్లు ఇంట్లోకి వస్తే ఏ ఆఫీసురా? సగం నీళ్లు, సగం ఇల్లు! ఏ ఆఫీసు?"

రెండు కిటికీలూ ఒకేసారి మూసుకున్నాయి. షర్నూబీ మనుషులకు మాత్రం రెండు చోట్లా కుర్చీలు వేశారు.

తిరిగి వచ్చాక బడి ఆవరణలో ఊరంతా కూర్చున్నాం. ఈసారి ఆడవాళ్లు వెనక కాదు, మధ్యలో కూర్చున్నారు. కొందరు ఫ్లాట్లు తీసుకుని పోదామన్నారు. కొందరు షర్నూబీ ఇల్లు తగలబెడదామన్నారు. ఇద్దరు ముగ్గురు అక్కడ కూడా ఇంకో లారీ ఇసుక తెప్పిస్తే సరిపోతుందేమో అని నసిగారు. నబవియ్యా ఒక పుల్ల తీసుకుని తడి నేల మీద ఊరిని గీసింది. సముద్రం, దిబ్బల ఖాళీ, వీధులు, రోడ్డు, మల్లాహా.

"ఇళ్లు ఎక్కడో, పొలాలు ఎక్కడో కాసేపు మర్చిపోండి. ముందు నీళ్లెటు పోవాలో చెప్పండి," అంది.

"నీ పొలం మీదుగానే కదా పోయేది," అన్నాడొకడు.

"పోయేది. నాదొక్కటీ చాలదని మక్నసా చెప్పింది కదా. వెడల్పు కాలువ కావాలి. వీధి నుంచి కట్ట దాకా సూటిగా కావాలి. దారిలో ఎవరిది వస్తే వాళ్లది తవ్వాలి. ఎత్తు తీసెయ్యాలి."

"తాతల నుంచి ఎత్తు చేసిన పొలం తవ్వడమేంటి? నీకు మతి పోయిందా?"

"తవ్వినోళ్లకి మిగతా ఊరు తలో చెక్క పొలం ఇవ్వాలి. మునిగితే అందరం, తేలితే అందరం."

అరుపులు మొదలయ్యాయి. ఒకరి పొలం గురించి ఒకరు తిట్టుకున్నారు. పుల్లతో గీసిన గీత వైపు అందరూ చూస్తున్నారు గానీ, ఆ గీత సూటిగా వెళ్తే ఎవరి పొలం పోతుందో ఎవరూ పైకి అనడం లేదు. అది మెత్వల్లీది. పొలం నడిబొడ్డున, జామచెట్ల మధ్య నుంచి పోతుంది.

మెత్వల్లీ లేచాడు. ఆ గీత దగ్గరికి వచ్చాడు. "వదినా, కొంచెం వంకర తిప్పకూడదా?" అన్నాడు.

"తిప్పితే నీళ్లు మసీదు వీధిలోకి తిరుగుతాయి."

"అయితే తిప్పొద్దు. తవ్వండి. ముందు నేనే తవ్వుతా. చెట్లు మాత్రం నా చేత్తో నేనే కొట్టుకుంటాను, ఎవరూ ముట్టుకోవద్దు."

బహానా పెద్దమ్మ కొడుకు వైపు చూసి, "ఇన్నాళ్లకి కన్నాను రా నిన్ను" అంది. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఊరు ఒక్క పనిలోకి దిగింది. పిల్లలు గంపలు మోశారు, ఆడవాళ్లు మట్టి తొక్కారు. నేను పొయ్యి తీసుకెళ్లి గట్టు మీదే పెట్టి అందరికీ టీ పోశాను. ఇన్నేళ్లు దుకాణం నడిపినా ఊరు మొత్తం ఒకేచోట టీ తాగడం అప్పుడే చూశాను. గితాస్ వచ్చేనాటికి కాలువ రోడ్డు కట్ట దాకా వచ్చి ఆగింది. మిగిలింది కట్టే.

గితాస్ రోజు తెల్లవారుతూనే ఆకాశం ఇనుము రంగులోకి తిరిగింది. మేం అందరం పారలతో కట్ట ఎక్కాం. పైన పోలీసులు వరసగా నిలబడి ఉన్నారు. ఎక్కువమంది నిర్బంధ సైనిక సేవ కింద పట్టి తెచ్చిన పల్లెటూరి కుర్రాళ్లు, పెదాలు నీలం తిరిగిపోయి ఉన్నాయి. వెనకాల జీపులో అధికారి, పక్కన షర్నూబీ.

"ఇది సర్కారు రోడ్డు. పార వేస్తే కాల్చేస్తాం," అని మైకులో వినిపించింది.

"పాషా, సముద్రం వచ్చేస్తోంది," అని నబవియ్యా అరిచింది. "ఈ కట్ట తెగకపోతే సాయంత్రానికి ఈ ఊళ్లో శవాలు తేలతాయి. మీరే లెక్కపెట్టుకుంటారు."

"ఊరు ఖాళీ చేయమన్నాం కదా!"

"మేం ఖాళీ చేస్తే మీ మ్యాపు నిజమవుతుంది!"

షర్నూబీ జీపు దిగాడు. "మెత్వల్లీ, నువ్వు తెలివైనోడివి. నీకు విల్లాల్లో కాపలా ఉద్యోగం ఇస్తాను. వీళ్లని కిందికి దించు."

"హాజీ," అన్నాడు మెత్వల్లీ, "ఇన్నేళ్లు నీ ఇసుక మోసి నా నడుం పడిపోయింది. ఒక్కసారి నీ ఇసుక తవ్వనీ." అని మొదటి పార దింపాడు.

తర్వాత అంతా ఒక్కసారిగా జరిగింది. ఊరంతా పారలు దింపింది. గ్యాసు గుండ్లు వచ్చి పడ్డాయి. కళ్లు మండుతున్నా చేతులు ఆగలేదు. లాఠీలు విరిగాయి. ఒక పోలీసు కుర్రాడు లాఠీ కింద పెట్టి కూర్చుని మోకాళ్ల మధ్య తల దాచుకున్నాడు. నబవియ్యా మా వైపు నుంచి అటు దాటి, పారలకు అడ్డుపడుతున్నవాళ్లను రెండు చేతులా నెట్టింది. జుట్టు పట్టి ఆమెను జీపులోకి విసిరేశారు. లోపలి నుంచి ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది: "ఆపొద్దు! చేతులు ఆపొద్దు!"

తుపాకులు పేలాయి. మెత్వల్లీ పార మీదికి ఒరిగాడు. అతని చేయి పిడి వదల్లేదు. నేనూ ఇంకొకడూ అతన్ని లాగి పక్కన పడుకోబెట్టాం. ఛాతీలోంచి రక్తం ఇసుకలోకి ఇంకిపోతోంది. "తెగిందా?" అన్నాడు. అప్పటికి తెగలేదు. "తెగింది" అని చెప్పాను. ఆ అబద్ధానికి నేను సిగ్గుపడను. అతను కళ్లు మూసిన కాసేపటికి నీళ్లు కట్టను లోపలి నుంచి కొరుక్కుని పెద్ద చప్పుడుతో బయటపడ్డాయి. గండి పడింది. పోలీసులు అటు, మేం ఇటు. మధ్యలో సముద్రం మల్లాహా వైపు పరుగెత్తింది. షర్నూబీ విల్లాల పునాదుల్లో నిండింది. మా వీధుల్లో నీళ్లు మోకాలికి దిగాయి. సాయంత్రానికి మాలో మెత్వల్లీ తప్ప ఇంకెవరూ పోలేదు.

మరుసటి ఉదయం అతన్ని మట్టి చేయాలి. శ్మశానం ఊరికి పడమర మూల, ఇంకా నడుములోతు నీళ్లలో ఉంది. మా దగ్గర నేలలో గొయ్యి తీయరు. తీస్తే నీరు ఊరుతుంది, అందుకని నేల మీదే ఇటుకల గది కట్టి పెడతాం. ఆ గది కట్టడానికీ పొడి నేల ఎక్కడా లేదు. అధికారి అవతలి నుంచి మైకులో, శవాన్ని పోలీసులకు అప్పగించాలని, పట్టణంలో వాళ్లే ఖననం చేయిస్తారని, కుటుంబం నుంచి ఇద్దరే రావాలని చెప్పించాడు.

బహానా పెద్దమ్మను కుర్చీలో మోసుకొచ్చాం. కొడుకు ముఖం మీది ఇసుకను తన నల్లగుడ్డ అంచుతో తుడిచింది. ఏడవలేదు. చుట్టూ చూసింది.

"పొడి నేల ఎక్కడుంది?"

"ఈ కట్ట ఒక్కటే, పెద్దమ్మా," అన్నాను.

"అయితే ఇక్కడే పెట్టండి. గండి అంచున."

కూలిన ఇళ్లలో కరగకుండా మిగిలిన ఇటుకలు ఒక్కో ఇంటివాళ్లూ మోసుకొచ్చారు. నబవియ్యా ఇంటి ఇటుకలు కూడా వచ్చాయి. కట్ట మీద, గండి అంచుకు ఆనించి గది కట్టి, మెత్వల్లీని లోపల పడుకోబెట్టి మూసేశాం. జనాజా నమాజు ఆ రోడ్డు మీదే చదివాం.

నీళ్లు తీశాక షర్నూబీ గండి పూడ్పించడానికి బుల్డోజర్ తెచ్చాడు. దాన్ని నడిపేవాడు ఎగువ ఈజిప్టు నుంచి కూలికి వచ్చిన మనిషి, నల్లటి పొడగరి. కట్ట మీద సగం దూరం వచ్చాక సమాధి కనిపించింది. పూడ్చే ఇసుక ఉన్నది ఇటు వైపే కాబట్టి దాని మీదుగా నడపాలి. అతను ఇంజను ఆపాడు. దిగాడు. రెండు చేతులూ ఎత్తి ఫాతిహా చదివాడు.

"ఎక్కరా! నీకు జీతం ఎవడిస్తున్నాడు?" అని షర్నూబీ అరిచాడు.

"నువ్వే, హాజీ. అయితే నువ్వే ఎక్కి నడుపు. నేను చచ్చినవాడి మీద చక్రం పెట్టను. పెడితే మా అమ్మ మళ్లీ నా ముఖం చూడదు."

తాళం సీటు మీద పెట్టి అతను నడుచుకుంటూ వెళ్లిపోయాడు. షర్నూబీ అధికారి వైపు చూశాడు. అధికారి కుర్రాళ్ల వైపు చూశాడు. వాళ్లు నేల చూపులు చూశారు. ఇంకో డ్రైవరును తెచ్చారు. వాడూ దిగిపోయాడు. ఆ కట్ట మీద బుల్డోజర్ ఇప్పటికీ తుప్పు పడుతూ ఉంది. గండి తెరిచే ఉంది. నబవియ్యాను ఏ జైల్లో పెట్టారో మొదట చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది. వారం వారం ఊరి నుంచి ఒకరం రొట్టెలు, జున్ను పట్టుకెళ్తున్నాం. ఒక వారం ఇస్తారు, ఒక వారం ఇవ్వరు. ఆమె విడుదలయ్యేదాకా ఆమె పొలం మేమే దున్నుతాం.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఆ రోడ్డు వెంట ఉన్న పక్క పల్లెల నుంచి జనం వచ్చారు. ఆడా మగా, భుజాల మీద పారలు. వాళ్ల ఊళ్లూ మ్యాపులో నీలమేనట. బహానా పెద్దమ్మ రోజూలాగే మేం మోసుకొచ్చి కూర్చోబెట్టిన కొడుకు సమాధి నీడన ఉంది.

"పెద్దమ్మా, మా వైపు కట్ట ఎక్కడ కొట్టాలి? మీరు చెప్పండి, ఇవాళే కొట్టేస్తాం," అన్నాడు ముందున్నవాడు.

"మీ ఊళ్లో ఎవడి పొలం మీదుగా నీళ్లు పోవాలో తేల్చుకున్నారా?"

"అదింకా తేలలేదు."

"ముందు ఇక్కడ కూర్చుని అది తేల్చండి. ఎంత అరుచుకుంటారో అరుచుకోండి. తేలాక కబురు పెట్టండి, ఇజ్బత్ గాజీ మొత్తం పారలతో వస్తుంది."

వాళ్లు పారలు కింద పెట్టి, గండి పక్కన ఎండలో గుంపుగా కూర్చున్నారు. నేను పొయ్యి అంటించడానికి వెళ్లాను. కెటిల్లో నీళ్లు మరిగేలోపే అరుపులు మొదలయ్యాయి.